పిన్ని ఒప్పుకున్న నేరం

పోయిన వారం చిన్నిని మనం శుక్రవారం సాయంత్రం, ఆఫీసు ఐదో అంతస్తులో, కంప్యూటర్ తెర ముందు కూర్చోబెట్టి వచ్చాం. మరిచిపోయినవాళ్ళ కోసం నాలుగు ముక్కలు. కాలేజీ ఆఖరి ఏడాదిలో ఆరు నెలల శిక్షణ కోసం చిన్ని ఆ పెద్ద సంస్థలో చేరి తొమ్మిది వారాలైంది. కంపెనీల తగాదాల్లో నిజమేమిటో తేల్చి రాసివ్వడం ఆ సంస్థ వృత్తి. కంప్యూటర్లలోనూ ఫోన్లలోనూ మనుషులు చెరిపేశామనుకుని నిశ్చింతగా నిద్రపోయే సంగతుల్ని తవ్వి తీయడం చిన్ని ఉన్న ఫోరెన్సిక్ ల్యాబ్ పని. అక్కడ ఏ కేసుకీ అసలు పేరుండదు. ఒకరి గుట్టు ఇంకొకరికి తెలియకుండా మారుపేరు పెడతారు. ఈ కేసు పేరు తూనీగ. ఏదో కంపెనీలోంచి ఒక రహస్య కాగితం బయటికి పొక్కి పత్రికలో పడింది, పొక్కించిందెవరో తేల్చాలి. చిన్నికి తెలిసింది అంతవరకే. తనకిచ్చిన డిస్కుకి నకలు తీసింది, నకలు తెరిచింది. తెర మీద మొట్టమొదట కనిపించింది రెండో తరగతి యూనిఫాంలో, ముందు పన్ను లేకుండా నవ్వుతున్న తన సొంత ఫొటో.

ఆ ఫొటో తీసేనాటికి అమ్మ పోయి మూడేళ్ళు. దాన్ని ఆఫీసు కంప్యూటర్లో పెట్టుకునే మనిషి ఈ భూమ్మీద ఒక్కతే ఉంది. పెంచిన పిన్ని.

పిన్ని లిఫ్టులు తయారుచేసే కంపెనీలో రికార్డుల గది గుమాస్తా. పందొమ్మిదేళ్ళ సర్వీసు. బాబాయి అదే కంపెనీ షెడ్డులో బ్రేకులు పరీక్షించే మెకానిక్కు. నాలుగు నెలల కిందట ఒక కళ్ళ ఆసుపత్రిలో ఆ కంపెనీ లిఫ్టు మూడో అంతస్తు నుంచి జారిపడింది. ఆపరేషను కట్టు విప్పించుకోవడానికి వచ్చిన ఒకావిడ ఆ కట్టుతోనే పోయింది. నెల తిరక్కుండా పత్రికలో ఒక కాగితం అచ్చయింది. ఆ బ్రేకు పనికిరాదని ముందే తేల్చిన పరీక్ష రిపోర్టు అది. ఆ పొద్దున ఇంట్లో ముగ్గురూ ఒకరి తరవాత ఒకరు పత్రిక చదివి, మడిచి, బల్ల మీద పెట్టేశారు. తూనీగ అంటే ఆ కాగితమేనని చిన్నికి ఇప్పుడు తెలిసింది. కేసు కంపెనీ పేరు మీద కాక వకీళ్ళ పేరు మీద వచ్చింది కాబట్టి, చేరిన రోజు చిన్ని రాసిచ్చిన బంధువుల జాబితాకి ఎక్కడా తగల్లేదు.

అప్పుడే లేచి వెళ్ళి ల్యాబ్ పెద్ద మేడమ్‌తో చెప్పాల్సింది. చెప్పలేదు. ఇంకో ఇరవై నిమిషాలు చూసింది. డిస్కు అన్నీ వరసగా చెప్పింది. పద్నాలుగో తారీఖు, మంగళవారం, మధ్యాహ్నం మూడూ పన్నెండుకి ఎవరో పిన్ని పాస్‌వర్డుతో లోపలికొచ్చారు. పదకొండంకెల రిపోర్టు నంబరు ఎక్కడా తప్పు లేకుండా కొట్టారు. ఫైలు తెరిచారు, పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించారు, పెన్‌డ్రైవ్ తీసేశారు. మొత్తం నాలుగు నిమిషాల పని. చిన్ని తెర ఆపేసింది. ఏ డిస్కు ఎవరు ఎప్పుడు చూశారో రాయాల్సిన రిజిస్టరులో గీత కూడా గీయకుండా బ్యాగు భుజాన వేసుకుని ఇంటికొచ్చింది.

బస్సులో కిటికీ పక్క సీటు దొరికింది. ఇంట్లో అన్నం తిన్నది. ఏం కూరో తెలియలేదు. గుండె దడదడలాడటం, చెమటలు పట్టడం, కథల్లో చదివినవేవీ తనకి జరగలేదు. పన్ను పీకే ముందు డాక్టరు సూది వేస్తే చిగురు ఎలా ఉంటుందో, మనిషంతా అలా ఉంది. ఉందని తెలుస్తుంది, తనదని తెలియదు.

శనివారం మధ్యాహ్నం పిన్ని వంటింట్లో పీట మీద కూర్చుని బఠాణీలు ఒలుస్తోంది. ముందుగదిలో బాబాయి స్టూలు మీద కూర్చుని, ఊడదీసిన టేబుల్ ఫ్యాన్‌ని ఒళ్ళో పెట్టుకుని తుడుస్తున్నాడు. చిన్ని పిన్ని ఎదురుగా చతికిలబడి ఒక గుప్పెడు కాయలు తన వైపు లాక్కుంది.

“చేతులు కడుక్కున్నావా?” అంది పిన్ని.

“ఆఁ.”

“ఏంటే అలా ఉన్నావ్? నిన్నటి నించీ చూస్తున్నా. పిలిస్తే పలుకుతున్నావు గానీ మనిషివి ఇక్కడ లేవు.”

ఆ ల్యాబ్‌లో చూసిన ముక్క గడప దాటించనని చిన్ని చేరిన రోజే సంతకం పెట్టింది. ఆ సంతకం గుర్తొచ్చింది. గుర్తొచ్చినా నోరు దాని పని అది చేసుకుపోయింది.

“పిన్నీ, మీ ఆఫీసు కంప్యూటర్లో నా ఫొటో పెట్టుకున్నావు కదా. పన్ను లేంది.”

“పెట్టుకున్నా. అయితే?”

“నిన్న చూశాను.”

పిన్ని చేతిలో కాయ సగం విచ్చుకుని ఉంది. అందులో ఆరు గింజలున్నాయి. చిన్ని లెక్కపెట్టింది. పిన్ని ఆ గింజల్ని గిన్నెలో రాల్చకుండా కాయని అలాగే మూసింది, ఎవరిదో ఉత్తరం పొరపాటున విప్పినట్టు.

“మా కంప్యూటర్లు పట్టుకుపోయింది మీ వాళ్ళేనా?”

“మా వాళ్ళే. నీ డిస్కు నా చేతికే ఇచ్చారు. ఎవరికీ తెలీదు, నాకూ తెలీదు.”

పిన్ని ముందుగది వైపు చూసింది. ఫ్యాన్ రెక్క మీద గుడ్డ రుద్దుతున్న చప్పుడు వస్తూనే ఉంది. గొంతు తగ్గించింది.

“సరే. దాచడానికేముంది. నేనే చేశాను.”

అంత తేలిగ్గా అంటుందని చిన్ని అనుకోలేదు. పాలు పొంగిపోయాయి, నేనే చూసుకోలేదు అన్నట్టు అంది.

“ఏం చేశావ్?”

“ఆ కాయితం. నేనే బయటికి పంపాను. ప్రింటు తీసి, కవర్లో పెట్టి, పత్రికవాళ్ళకి పోస్టు చేశా. చాలా? ఇప్పుడు నువ్వు వెళ్ళి అదే రాసుకో. నీ ఉద్యోగానికి నా వల్ల మాట రాకూడదు.”

“ప్రింటు తియ్యలేదు పిన్నీ. పెన్‌డ్రైవ్‌లో ఎక్కించారు.”

“ఆఁ, అదే. పెన్‌డ్రైవే. ప్రింటు తర్వాత బయట తీయించా.”

“ఏ రంగు పెన్‌డ్రైవ్?”

“రంగేంటే, రంగు! నలుపు. నలుపో నీలమో. చీర కొంటున్నానా ఏంటి రంగు గుర్తుపెట్టుకోడానికి!”

వేరే రోజైతే చిన్నికి నవ్వొచ్చేది. కాయలు తీసుకుంది, ఒలిచింది, గింజలు గిన్నెలో వేసింది.

“ఏ పూట?”

“మధ్యాహ్నం. భోజనాలయ్యాక. అప్పుడు గదిలో ఎవరూ ఉండరు.”

“మూడూ పన్నెండుకి. పద్నాలుగో తారీఖు, మంగళవారం.”

“అదే, అదే. మంగళవారమే. నీకంతా తెలుసు కదా, మళ్ళీ నన్నెందుకు అడుగుతావ్?”

“ఆ మంగళవారం రెండింటి నించి నాలుగున్నర దాకా నువ్వు నా పక్కనే ఉన్నావు పిన్నీ,” అంది చిన్ని. “మా కాలేజీ ఆఫీసులో. ఈ శిక్షణకి వెళ్ళాలంటే పెద్దవాళ్ళ సంతకం కావాలన్నారని సగం పూట సెలవు పెట్టి వచ్చావు. క్యూలో కాళ్ళు లాగుతున్నాయని చెప్పులు విప్పి నిలబడ్డావు. ఆ గుమాస్తా నీ సంతకం చూసి, ఇది సంతకమా, కోడి గీకిందా అన్నాడు. నువ్వు పోట్లాడావు.”

ముందుగదిలో గుడ్డ చప్పుడు ఆగిపోయింది.

పిన్ని చీర కొంగుతో మూతి తుడుచుకుంది. చిన్ని ఆమె ముఖం చూడలేదు, నేల మీద రాలిన ఒక గింజ వైపు చూస్తూ ఉండిపోయింది. ఇంతకాలం అన్నం పెట్టి, జడలు వేసి, జ్వరం వస్తే ఒళ్ళో పడుకోబెట్టుకున్న మనిషిని ఇప్పుడు తను దొంగని పట్టినట్టు పట్టింది. తనకి సిగ్గు వేయాలి. వేయలేదు. ప్రశ్నలు మాత్రం వరసగా వచ్చాయి, ల్యాబ్‌లో వచ్చినట్టే.

“నీ పాస్‌వర్డు నీకు కాక ఇంకెవరికి తెలుసు?”

“దాన్ని ఎందుకు పీక్కుతింటావ్,” అన్నాడు బాబాయి.

వంటింటి గుమ్మంలో నిలబడ్డాడు. చేతిలో ఫ్యాన్ రెక్క అలాగే ఉంది. నాలుగు నెలలుగా ఈ ఇంట్లో ఆయన మాట్లాడింది లెక్కపెడితే పలక మీద రాయొచ్చు. పనికి వెళ్ళేవాడు, వచ్చేవాడు, ఏదో ఒకటి ఊడదీసి మళ్ళీ బిగించేవాడు. మిక్సీ, ఇస్త్రీపెట్టె, గడియారం, తలుపు గొళ్ళెం, అన్నీ అయిపోయి ఇప్పుడు ఫ్యాన్ దాకా వచ్చాడు.

“మీ పిన్నికి అబద్ధం ఆడటం రాదు. పెళ్ళైన కొత్తలో బియ్యం అయిపోయిందని చెప్పడానికి కూడా తడబడేది.”

“మీరు లోపలికి పొండి,” అంది పిన్ని.

“పాస్‌వర్డు నీ పుట్టినరోజు చిన్నీ. నేను కాక ఇంకెవరు కొడతారు?”

పిన్ని పీట మీంచి లేచింది. ఒళ్ళో తొక్కలన్నీ నేల పాలయ్యాయి. “ఇక మీ ఇష్టం. మీరూ మీరూ చూసుకోండి,” అంది గానీ వెళ్ళలేదు. పొయ్యి దగ్గర నిలబడి, వెలగని పొయ్యి మీద గిన్నె అటు జరిపి, ఇటు జరిపింది.

బాబాయి గుమ్మం మీదే కూర్చున్నాడు. చిన్నికి చెప్పడం మొదలుపెట్టాడు. చెబుతున్నంతసేపూ రెక్క వైపే చూశాడు.

“ఆ బ్రేకు నేను మూడుసార్లు పరీక్ష చేశాను. బరువు పెట్టి పైకెత్తి వదిలితే, పట్టుకోవాలి. పట్టుకుంది. పట్టుకుని నాలుగు వేళ్ళు జారింది. రెండోసారి నాలుగు వేళ్ళు. మూడోసారి జానెడు. పనికిరాదు అని రాసి సంతకం పెట్టాను. నాకు చదువు లేకపోయినా ఆ మాట రాయడం బాగా వచ్చు, చాలాసార్లు రాశాను. తర్వాత ఏమైందో మనకి చెప్పరు. బాగుచేసి ఉంటారు అనుకున్నా. ఆసుపత్రిలో పడ్డాక పై ఆఫీసులో పెద్దాయన నన్ను పిలిచాడు. బల్ల మీద రిపోర్టు పెట్టాడు. నంబరు నా రిపోర్టుదే గానీ, పనికొచ్చును అని ఉంది. కింద నా సంతకమే ఉంది.”

“నువ్వు పెట్టింది కాదా?”

“నేను పెట్టిందే. వేరే కాయితం మీద పెట్టింది. ఎత్తి అతికించారు. ఆయన ఏమన్నాడో తెలుసా? ‘నువ్వు సరేనన్నావు కాబట్టే మేం బిగించాం, ఇప్పుడు ఏమంటావ్?’ అన్నాడు. నేనేమీ అన్లేదు. కిందికొచ్చి బీడీ కాల్చుకున్నా.”

అసలు రిపోర్టు రికార్డుల గది కంప్యూటర్లో ఉంటుందని ఆయనకి తెలుసు. భార్య ప్రతి కాగితాన్నీ వచ్చిన రోజే ఎక్కిస్తుంది, చెరిపేయమని పైవాళ్ళు చెప్పేలోపే ఎక్కించేస్తుంది. చాదస్తం. ఆమె సెలవు పెట్టిన రోజు చూసుకుని వెళ్ళాడు.

“నాకు చెప్పకుండా,” అంది పిన్ని, వెనక్కి తిరక్కుండానే. “పత్రికలో చూసే దాకా నాకు తెలీదు. చూడగానే తెలిసింది. ఆ నంబరు నేను వేసిందే.”

“ఆవిడ ఎవరో కూడా నాకు తెలీదు,” అన్నాడు బాబాయి. “ఆసుపత్రిలో పోయినావిడ. పత్రికలో ఫొటో వేశారు. కట్టు లేకుండా ఉన్నప్పటి ఫొటో.”

వీధిలో ఎవరో సైకిలు బెల్లు కొట్టుకుంటూ పోయారు.

“ఇదిగో చిన్నీ,” అంది పిన్ని ఇటు తిరిగి. కళ్ళు పొడిగా ఉన్నాయి. “నువ్వు నా పేరు రాయి. నా బల్ల, నా పాస్‌వర్డు. అందులో అబద్ధమేముంది? నేనైతే ఉద్యోగంలోంచి తీసేస్తారు, పోనీ. ఆయనని తెలిస్తే ఊరుకోరు. పరీక్ష చేసింది ఆయన, సంతకం ఆయనది. తప్పుడు కాయితం తయారుచేసి బయటపెట్టింది కూడా ఆయనే అంటారు. లిఫ్టు ఆయనే పడేశాడంటారు.”

“నీ పని నువ్వు చెయ్యి,” అన్నాడు బాబాయి చిన్నితో. “చూసింది రాయి. మా మొహం చూసి వంకర రాతలు రాయొద్దు.”

“మీరు నోర్మూసుకోండి!”

“నేను ఎవరి పేరూ రాయను,” అంది చిన్ని.

ఇద్దరూ ఆమె వైపు చూశారు.

“మా వాళ్ళ కంప్యూటర్ అని మేడమ్‌తో చెప్పి తప్పుకుంటాను. రూలు అదే. శుక్రవారమే చెప్పాల్సింది. వేరేవాళ్ళు చూస్తారు.”

“వేరేవాళ్ళు చూస్తే వాళ్ళకేం కనిపిస్తుంది?” అంది పిన్ని.

“నాకు కనిపించిందే.”

పిన్ని గిన్నె చేతిలోకి తీసుకుంది. బఠాణీలు కడగడానికి కుళాయి తిప్పింది. నీళ్ళ చప్పుడులో ఏదో అంది. చిన్నికి వినపడలేదు, ఏమన్నావని అడగనూ లేదు.

ఆదివారం ఇల్లు ఇల్లులాగే గడిచింది. బట్టలు ఉతుక్కున్నారు. సాయంత్రం పిన్నికి ఫోనొచ్చింది. పెరట్లోకి వెళ్ళి చాలాసేపు మాట్లాడింది. లోపలికొచ్చాక ఎవరని బాబాయి అడిగితే, ఆఫీసువాళ్ళు అంది. సోమవారం చిన్ని లేచేసరికే పిన్ని వెళ్ళిపోయింది. అన్నం డబ్బా మాత్రం కట్టి పెట్టి ఉంది.

మేడమ్ గదికి అద్దం గోడ. ల్యాబ్‌కి పెద్ద ఆవిడే. ఎండిపోయినట్టుండే సన్నటి మనిషి, ఎప్పుడూ వేడినీళ్ళు తాగుతూ ఉంటుంది. బల్లల కింద దూరి కేబుళ్ళు సర్దుతుందని చిన్నికి చిట్టెలుక అని పేరు పెట్టింది కూడా ఆవిడే. కసురుకోవడం తెలియదు. తప్పు చేస్తే, మళ్ళీ చెయ్యి అంటుంది, అంతే.

చిన్ని గుమ్మంలో నిలబడి, దారి పొడుగునా బట్టీపట్టిన వాక్యాన్ని నోట్లో సిద్ధం చేసుకుంది. ‘మేడమ్, ఆ డిస్కు మా పిన్నిది.’ ఐదు మాటలు.

“రా, కూర్చో,” అంది మేడమ్ ముందే. “నేనే పిలుద్దామనుకున్నా. తూనీగ అయిపోయినట్టే ఉంది.”

చిన్ని కూర్చుంది.

“కంపెనీవాళ్ళు పొద్దున ఉత్తరం పంపారు. మనిషిని పట్టుకున్నారట. తలుపులకి కార్డులు గీకుతారు కదా, ఆ లెక్క తీశారు. ఆ మంగళవారం మూడింటికి రికార్డుల గది తలుపు తెరిచింది ఒకే కార్డు. గది ఊడ్చే ఆయమ్మది. గుమాస్తా ఆ పూట సెలవు. కంప్యూటరు తాళం వెయ్యకుండా వెళ్ళి ఉంటుంది, ఆయమ్మ అదను చూసి తీసుకుంది అంటున్నారు. శనివారమే పనిలోంచి తీసేశారు. ఇవాళ పోలీసులకి ఇస్తారు. దానికి మన నుంచి ఒక పేజీ కావాలట, మధ్యాహ్నం లోపల.”

మేడమ్ ఒక కాగితం చిన్ని ముందుకి జరిపింది. నాలుగు వాక్యాలున్నాయి. డిస్కు పరిశీలించితిమి, పై విషయమునకు విరుద్ధమైనదేదీ కానరాలేదు. కింద చిన్ని పేరు, సంతకానికి చోటు.

“డిస్కు నీ చేతిలోనే ఉంది. నేను చూడలేదు. దీనికి అడ్డొచ్చేది అందులో ఏమైనా ఉందా? ఉంటే చెప్పు. లేకపోతే సంతకం పెట్టు.”

చిన్ని కాగితం చూసింది. ఆయమ్మని ఎప్పుడూ చూడలేదు గానీ ఆమె గురించి ఇంట్లో వినని వారం లేదు. ఆమెకొచ్చే ఉత్తరాలు పిన్నే చదివి పెడుతుంది. జీతం పుస్తకంలో ఆయమ్మ వేలిముద్ర వేస్తుంది. మందు సీసాల మీద పొద్దుటిదానికి ఒక చుక్క, సాయంత్రానికి రెండు చుక్కలు పిన్నే పెట్టి ఇస్తుంది. బాబాయి వెళ్ళి, మా ఆవిడ డబ్బా మరిచిపోయింది, తలుపు తియ్యవా అని ఉంటాడు. ఆమె తీసి ఉంటుంది. అంతే జరిగి ఉంటుంది.

సంతకం పెడితే ఇక ఏమీ లేదు. పిన్నికి ఒక చీవాటు, బాబాయికి అదీ లేదు. తను కాలేజీకి తిరిగి వెళ్ళిపోతుంది. చేతిలో పెన్ను ఉంది. ఎప్పుడు తీసుకుందో తెలియలేదు. వేళ్ళకి దాని బరువు కూడా తెలియలేదు.

“మేడమ్,” అంది. “ఆ కంప్యూటర్లో రిపోర్టు నంబరు టైపు చేసి వెతికారు. పదకొండంకెలు. ఒక్కటీ తప్పు పోలేదు. ఆయమ్మకి చదువు రాదు.”

మేడమ్ గ్లాసు కింద పెట్టింది.

“ఆమెకి చదువు రాదని డిస్కులో ఉందా?”

“లేదు మేడమ్.”

“మరి నీకెలా తెలుసు?”

బట్టీపట్టిన ఐదు మాటలు ఎక్కడికి పోయాయో పోయాయి.

మేడమ్ లేచి వెళ్ళి తలుపు వేసి వచ్చింది. “టైపు చేసిందెవరో కూడా నీకు తెలుసు,” అంది. అడిగినట్టు అనలేదు. “ఒక మాట విను. నువ్వు పేరు చెప్తే నేను విననట్టు ఉండలేను. వింటే రాస్తాను. రాస్తే అది వాళ్ళకి చేరుతుంది. చెప్పకుండా లేచి వెళ్ళిపోయినా నిన్ను తప్పు పట్టను. ఈ కాగితం మీద మాత్రం సంతకం పెట్టకు.”

చిన్ని లేవలేదు. అద్దం గోడ అవతల ఎవరో కేబులు చుట్టుకుంటూ వెళ్తున్నారు. ఎవరో నవ్వారు, నవ్వు చప్పుడు ఇటు రాలేదు.

“మా బాబాయ్, మేడమ్,” అంది. గొంతు తనదే, మామూలుగానే ఉంది. “అక్కడ బ్రేకులు పరీక్షిస్తాడు. ఆ గుమాస్తా మా పిన్ని. శుక్రవారమే చెప్పాల్సింది. చెప్పలేదు.”

మేడమ్ ఏమీ రాసుకోలేదు. బల్ల సొరుగు లాగి, మడత పెట్టిన రూళ్ళ కాగితం ఒకటి తీసి, విప్పి ఆమె ముందు పెట్టింది. కోడి గీకినట్టున్న సంతకం కిందనే కనిపించింది.

“మీ పిన్ని పొద్దున ఏడున్నరకి వచ్చింది. నేను ఇంకా చెప్పులు కూడా విప్పలేదు. నిన్న సాయంత్రం ఆ ఆయమ్మ ఫోన్ చేసి ఏడ్చిందట. ఆమెకేం తెలియదు, వదిలేయమనండి, చేసింది నేనే అని మీ పిన్ని రాసిచ్చి వెళ్ళింది. తను నీకు పిన్నినని మాత్రం చెప్పలేదు. సగం పూట సెలవు పెట్టి, మళ్ళీ వెనక్కి వచ్చానని రాసింది. పెన్‌డ్రైవ్ అని రాసింది. తారీఖు రాసింది.”

మేడమ్ వేలు నాలుగో గీత మీద ఆగింది.

“మూడూ పన్నెండు అని రాసింది చిట్టెలుకా. నిమిషంతో సహా. చేసినవాడు కూడా గడియారం చూసుకుని ఉండడు. అది డిస్కు తెరిచిన మనిషికి తప్ప ఇంకెవరికీ తెలిసే వీల్లేదు.”

వేలు అక్కడే ఉంచి అడిగింది:

“ఆ నిమిషం ఆవిడకి ఎవరు చెప్పారు?”